డిఫరెన్షియల్ పునర్నిర్మాణంలో గేర్ల ఖాళీల సర్దుబాటు: ఇంటి వద్ద పని చేసేవారికి నాలుగు కొలతలు

లింగియాడీహ్ (బిలాస్‌పూర్): వెనుక చక్రాలతో నడిచే కారులో గాని జీపులో గాని, గంటకు యాభై అరవై కిలోమీటర్ల వేగం వద్ద వెనుక నుంచి సన్నని ఊళ వినిపిస్తే, చాలా సందర్భాలలో దాని మూలం వెనుక ఇరుసు నడుమ ఉన్న గుండ్రని ఇనుప హౌసింగులో ఉంటుంది. ఆ హౌసింగులోని డిఫరెన్షియల్‌ను విప్పి, కొత్త బేరింగులు, అవసరమైతే కొత్త గేర్లు వేసి తిరిగి బిగించడం చేతిపని తెలిసినవారికి ఇంటి వద్ద అసాధ్యం కాదు. అయితే ఇందులో విప్పడం, బిగించడం సగం పని మాత్రమే. మిగిలిన సగం కొలత. గేరు పళ్ళ నడుమ ఉండవలసిన ఖాళీ చాలా వాహనాలలో మిల్లీమీటరులో నాలుగో వంతుకు మించదు. అది తప్పితే కొత్త గేర్లు సైతం కొద్దికాలంలోనే చెడిపోతాయి. మరీ బిగువైతే పినియన్ బేరింగు వేడెక్కి పట్టేసి, నడుస్తున్న బండి వెనుక చక్రాలు ఒక్కసారిగా ఆగిపోయే ప్రమాదమూ ఉంది.

బిలాస్‌పూర్ రైల్వే పట్టణానికి తెలుగువారితో ఉన్న బంధం పాతది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ మార్గంలో ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డాయి. 2003 వరకు వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. ఆ ఏడాది బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. నగరం నుంచి సీపత్ వైపు వెళ్ళే దారిలో ఉన్న లింగియాడీహ్ వంటి పేటలలో ఇంటి ముందు షెడ్డు కింద పాత జీపునో, అంబాసిడర్‌నో సొంత చేతులతో బాగుచేసుకోవాలనుకునే వారికి ఉపయోగపడేలా ఈ పని క్రమాన్ని, అందులోని కొలతలను ఇక్కడ వివరిస్తున్నాము.

రైలుకు అక్కరలేనిది, కారుకు తప్పనిది

మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం లోపలివైపు చక్రం కంటే ఎక్కువ దూరం నడవాలి. రెండు చక్రాల మధ్య ఎడం 1.4 మీటర్లు ఉన్న బండి ఒక పూర్తి వలయం తిరిగితే ఈ తేడా సుమారు 8.8 మీటర్లు. వలయం చిన్నదైనా పెద్దదైనా తేడా అంతే.

రైలుబండిలో రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగించి ఉంటాయి. అక్కడ చక్రం అంచును కొద్దిగా ఏటవాలుగా, శంఖువు ఆకారంలో చెక్కుతారు. భారతీయ రైల్వేలో ఈ వాలు సంప్రదాయంగా 20కి 1. వంపులో చక్రాల జత పక్కకు జరిగినప్పుడు బయటి చక్రం పెద్ద వ్యాసం మీద, లోపలి చక్రం చిన్న వ్యాసం మీద దొర్లడంతో తేడా చాలావరకు సరిపోతుంది. రోడ్డు మీది బండికి ఆ వెసులుబాటు లేదు. అందుకే ఇరుసును రెండుగా విడదీసి, నడుమ డిఫరెన్షియల్ అమర్చారు. ఫ్రాన్సుకు చెందిన గడియారాల నిపుణుడు ఒనేసిఫోర్ పెకేర్ 1827లో ఆవిరి బండి కోసం ఈ అమరికకు రూపమిచ్చాడు.

1920ల నడుమ వరకు పినియన్ అక్షం, క్రౌన్ వీల్ అక్షం ఒకదానికొకటి సూటిగా కలిసే బెవెల్ గేర్లే ఎక్కువ కార్లలో ఉండేవి. 1926లో అమెరికాకు చెందిన ప్యాకార్డ్ సంస్థ హైపాయిడ్ గేర్లను ప్రవేశపెట్టింది. వీటిలో పినియన్ అక్షం క్రౌన్ వీల్ అక్షం కంటే కిందికి జరిగి ఉంటుంది. అందువల్ల కారు నేలను కిందికి దించగలిగారు, చప్పుడూ తగ్గింది. దానికి ప్రతిగా పళ్ళు ఒకదానిపై ఒకటి దొర్లడమే గాక పొడవునా జారుతాయి. ఆ జారుడు వల్లనే హైపాయిడ్ గేర్లకు ప్రత్యేకమైన నూనె, ఖచ్చితమైన అమరిక తప్పనిసరి అయ్యాయి.

లోపల ఏముంటుంది

గేరుబాక్సు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు చివర ఫ్లాంజి, దాని వెనుక పొడవాటి కాడ గల చిన్న గేరు ఉంటాయి. ఆ గేరును టెయిల్ పినియన్ అని, క్లుప్తంగా పినియన్ అని అంటారు. ఇది రెండు కోసు బేరింగుల మీద తిరుగుతూ క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్ వీల్ ఒక గూడుకు బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ గూడు రెండు పక్కలా మరో రెండు కోసు బేరింగులు ఉంటాయి. గూడు లోపల స్టార్ పినియన్లు, వాటితో కలిసే రెండు సన్ గేర్లు ఉంటాయి. మలుపులో రెండు చక్రాలకు వేర్వేరు వేగాలను పంచేవి ఇవే.

సన్ గేర్ల వెనుక, స్టార్ పినియన్ల వెనుక పల్చని థ్రస్ట్ వాషర్లు ఉంటాయి. ఇవి అరిగితే గేరు మార్చినప్పుడు వెనుక నుంచి ఠక్కుమనే చప్పుడు వస్తుంది. గూడును హౌసింగులో పెట్టకముందే ఈ వాషర్లను చూసి, అరిగినవాటిని మార్చాలి. తరువాత చూడాలంటే మొత్తం మళ్ళీ విప్పవలసి వస్తుంది.

ఈ వివరణ వెనుక ఇరుసు ఉన్న వాహనాలకే వర్తిస్తుంది. ముందు చక్రాలతో నడిచి, ఇంజిను అడ్డంగా అమర్చిన నేటి చిన్న కార్లలో డిఫరెన్షియల్ గేరుబాక్సులోనే ఉంటుంది. అందులో క్రౌన్ వీల్, పినియన్ల లంబకోణ కలయిక ఉండదు కాబట్టి పినియన్ లోతు, పళ్ళ ముద్ర వంటి కొలతల అవసరం రాదు.

విప్పే ముందు వినవలసినది

చప్పుడు ఎప్పుడు వస్తున్నదో గమనిస్తే లోపం ఎక్కడ ఉన్నదో కొంత తెలుస్తుంది. యాక్సిలరేటరు నొక్కినప్పుడు మాత్రమే ఊళ వస్తే పళ్ళ డ్రైవ్ వైపు, కాలు తీసినప్పుడు మాత్రమే వస్తే కోస్ట్ వైపు కలయిక బాగాలేదని, లేదా పినియన్ బేరింగు వదులైందని అనుమానించాలి. నొక్కినా వదిలినా ఒకే తీరున గరగర వినిపిస్తే బేరింగులను చూడాలి. మలుపులలో మాత్రమే వస్తే స్టార్ పినియన్లు, సన్ గేర్లు లేదా చక్రాల బేరింగులు కారణం కావచ్చు. ముందుకు, వెనుకకు గేరు మార్చినప్పుడు ఠక్కుమంటే పళ్ళ ఆట పెరిగి ఉండవచ్చు. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు అరిగినా అదే చప్పుడు వస్తుంది కాబట్టి ముందు వాటిని పరీక్షించాలి. టైర్ల మోత కూడా ఇరుసు ఊళను పోలి ఉంటుంది. రోడ్డు ఉపరితలం మారగానే చప్పుడు మారితే అది టైర్లదే.

ఉండవలసిన పనిముట్లు

సాధారణ పానాలు గాక ఈ పనికి కొన్ని కొలత పరికరాలు అత్యవసరం. 0.01 మి.మీ. చూపే డయల్ గేజి, దానికి అయస్కాంతపు స్టాండు, షిమ్ముల మందం చూసే మైక్రోమీటరు, పెద్ద బిగింపులకు టార్క్ రెంచి, పళ్ళ ముద్ర చూసేందుకు ప్రష్యన్ బ్లూ గాని గేర్ల పసుపు ముద్ర పేస్టు గాని, బేరింగులను ఊడదీసే పుల్లరు కావాలి. ముద్రకు పాతకాలంలో రెడ్ లెడ్ వాడేవారు. అది సీసపు విషం కనుక దాని జోలికి పోకపోవడం మేలు. రైల్వే షెడ్లలో, యంత్రశాలల్లో పనిచేసినవారికి డయల్ గేజి కొత్త కాదు. అలవాటు లేనివారు ముందుగా ఏదైనా పాత గేరు మీద దానిని చదవడం సాధన చేయాలి.

అన్నింటికన్న ముఖ్యమైనది ఆ వాహనపు వర్క్‌షాప్ మాన్యువల్. ఈ కథనంలోని అంకెలు సాధారణ పరిధులు మాత్రమే. తుది మాట మాన్యువల్‌దే.

హౌసింగు తీరును బట్టి కష్టం మారుతుంది. అంబాసిడర్‌లో ఉన్నటువంటి బాంజో ఇరుసులో డిఫరెన్షియల్ మొత్తం ఒక ముద్దగా ముందువైపు నుంచి ఊడి వస్తుంది. దానిని బల్ల మీద పెట్టి తాపీగా కొలవవచ్చు. పాత విల్లీస్ తరహా జీపులలోని ఇరుసులో గేర్లు హౌసింగులోనే అమరి ఉంటాయి. వెనుక మూత తీసి, బండి కింద పడుకొని లేదా ఇరుసునే దించి పని చేయాలి. మొదటిసారి చేసేవారికి బాంజో తీరు సులువు.

వెనుక ఇరుసును విప్పితే చాలా బండ్లలో హ్యాండ్ బ్రేకు పనిచేయదన్న సంగతి మరువరాదు. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టి, గట్టి నేల మీద, జాకీ మీద గాక స్టాండ్ల మీద బండిని నిలపాలి. బ్రేకు డ్రమ్ముల్లోని దుమ్మును నోటితో గాని గాలి పైపుతో గాని ఊదరాదు. తడిగుడ్డతో తుడవాలి.

విప్పేటప్పుడు రాసుకోవలసినవి

విప్పకముందే పళ్ళ ఆట కొలిచి కాగితం మీద రాయాలి. పాత గేర్లనే తిరిగి వాడదలచితే ఈ అంకె అమూల్యం. కలిసి అరిగిన గేర్లకు అలవాటైన చోటు ఒకటి ఉంటుంది. వాటిని కొత్త గేర్ల కొలతకు బలవంతంగా తెస్తే అరగని అంచులు కలిసి ఊళ మరింత పెరుగుతుంది. పాత జతను పాత ఆటకే, పాత ముద్రకే తిరిగి తేవడం సరైన పద్ధతి.

పక్క బేరింగుల మూతలకు ఎడమ, కుడి గుర్తులు పెట్టాలి. వాటిని హౌసింగుతో కలిపి తొలిచారు కాబట్టి తారుమారు చేయరాదు. ప్రతి షిమ్మును అది ఉన్న చోటి పేరుతో వేర్వేరు సంచులలో ఉంచి, మందం కొలిచి రాయాలి. క్రౌన్ వీల్, పినియన్ కర్మాగారంలోనే జతగా రుద్ది పరీక్షించిన భాగాలు. రెండింటి మీదా ఒకే జత సంఖ్య చెక్కి ఉంటుంది. ఒకదానిని మాత్రమే మార్చడం, వేర్వేరు జతలను కలపడం ఎన్నటికీ పనికిరాదు.

పళ్ళ సంఖ్య కూడా లెక్కపెట్టాలి. పినియన్‌కు 9, క్రౌన్ వీల్‌కు 41 పళ్ళు ఉంటే నిష్పత్తి సుమారు 4.56. ఈ రెండు సంఖ్యలకు ఉమ్మడి భాజకం లేదు కాబట్టి పినియన్‌లోని ప్రతి పన్ను క్రౌన్ వీల్‌లోని ప్రతి పన్నునూ కలుస్తుంది. ఒకసారి కలిసిన జంట తిరిగి కలవడానికి క్రౌన్ వీల్ 9 చుట్లు తిరగాలి. 10, 40 వంటి జతలలో అవే పళ్ళు మళ్ళీ మళ్ళీ కలుస్తాయి. అటువంటి కొన్ని జతలపై గుర్తులు ఉంటాయి, అవి ఎదురెదురుగా వచ్చేలా బిగించాలి. నిష్పత్తి వేరుగా ఉన్న జతను వేస్తే, గేరుబాక్సు నుంచి తీగతో నడిచే స్పీడోమీటరు తప్పు వేగం చూపుతుంది.

మొదటి కొలత: పినియన్ లోతు

క్రౌన్ వీల్ అక్షం నుంచి పినియన్ తల ఎంత దూరంలో ఉండాలన్నదే పినియన్ లోతు. అనేక వాహనాలలో పినియన్ తలకు, దాని వెనుక బేరింగుకు నడుమ ఉన్న షిమ్ము దీనిని నిర్ణయిస్తుంది. షిమ్ము మందం పెరిగితే పినియన్ తల క్రౌన్ వీల్ అక్షానికి దగ్గరవుతుంది, తగ్గితే దూరమవుతుంది.

లోతు కొలిచే ప్రత్యేక గేజి ఇంటి వద్ద ఉండదు. అప్పుడు పాత షిమ్మే ఆధారం. హౌసింగు మారలేదు, బేరింగు కొలతలు అవే అయితే కొత్త పినియన్‌కు కావలసిన మందం పాతదానికి చాలా దగ్గరగా ఉంటుంది. తేడాను పినియన్ తలపై చెక్కిన అంకె చెబుతుంది. ఉదాహరణకు ఆ అంకె మిల్లీమీటరులో వందో వంతులని, కూడిక గుర్తు ఉంటే పినియన్ దూరంగా ఉండాలని అనుకుందాం. పాత పినియన్‌పై +3, కొత్తదానిపై −2 ఉంటే కొత్తది 0.05 మి.మీ. దగ్గరగా ఉండాలి. పాత షిమ్ము 1.20 మి.మీ. అయితే కొత్త షిమ్ము 1.25 మి.మీ. కావాలి. గుర్తుల అర్థం, వాటి ప్రమాణం తయారీదారును బట్టి మారుతాయి. కొన్ని పాత వాహనాలలో ఆ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. ఈ భేదం తెలియకుండా లెక్క వేయరాదు.

షిమ్ము మార్చిన ప్రతిసారీ కొత్త బేరింగును నొక్కి ఎక్కించి, పుల్లరుతో ఊడదీస్తే అది పాడవుతుంది. అనుభవజ్ఞులు దీనికి ఒక ఉపాయం చేస్తారు. ఇంకా నునుపుగా తిరిగే పాత బేరింగు లోపలి రంధ్రాన్ని కొద్దిగా రుద్ది, చేతితో జారేలా చేసి, పరీక్ష బిగింపులన్నీ దానితోనే చేస్తారు. కొలతలు కుదిరాక కొత్త బేరింగును ఒక్కసారే ఎక్కిస్తారు. రెండు బేరింగుల ఎత్తు ఒకటేనని మైక్రోమీటరుతో ముందే చూసుకోవాలి.

రెండవ కొలత: పినియన్ బేరింగుల ప్రీలోడ్

గేర్ల మీద భారం పడినప్పుడు పినియన్ వెనుకకు, పక్కకు తోసుకుపోతుంది. అలా కదలకుండా ఉండేందుకు కోసు బేరింగులను ఖాళీ లేకుండా, పైపెచ్చు కొద్దిపాటి ఒత్తిడితో బిగిస్తారు. దీనినే ప్రీలోడ్ అంటారు. దానిని పినియన్‌ను నిలకడగా తిప్పడానికి కావలసిన బలంతో కొలుస్తారు. చిన్న, మధ్యరకం వాహనాలలో కొత్త బేరింగులకు ఇది సాధారణంగా 1 నుంచి 3.5 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. వాడిన బేరింగులకు దాదాపు అందులో సగం చాలు.

ఇంత చిన్న టార్కును పెద్ద రెంచి చూపలేదు. ఇంట్లో స్ప్రింగు త్రాసుతో కొలవవచ్చు. ఫ్లాంజి చుట్టూ దారం చుట్టి, దాని కొనను త్రాసు కొక్కేనికి తగిలించి మెల్లగా లాగాలి. ఫ్లాంజి వ్యాసార్ధం 5 సెం.మీ., కావలసిన టార్కు 2 న్యూటన్ మీటర్లు అనుకుంటే, త్రాసు 40 న్యూటన్లు, అంటే సుమారు 4 కిలోలు చూపాలి. కదలడం మొదలైన క్షణంలో కనిపించే అంకెను గాక, నిలకడగా తిరుగుతున్నప్పటి అంకెను తీసుకోవాలి. బేరింగులకు నూనె రాసి, ముందుగా పదిపదిహేను చుట్లు తిప్పాలి. ఆయిల్ సీలు రాపిడి అంకెను పెంచుతుంది కాబట్టి సీలు లేకుండా కొలవాలి. ఈ దశలో క్రౌన్ వీల్ హౌసింగులో ఉండరాదు.

ప్రీలోడ్‌ను సర్దే తీరులు రెండు. కొన్నింటిలో రెండు బేరింగుల నడుమ గట్టి స్పేసరు, పల్చని షిమ్ములు ఉంటాయి. షిమ్ము తీస్తే బిగువు పెరుగుతుంది. మరికొన్నింటిలో నలిగే స్లీవు ఉంటుంది. నట్టు బిగించే కొద్దీ అది నలుగుతూ బేరింగులను దగ్గర చేస్తుంది. అది నలగడం మొదలుపెట్టడానికే కొన్ని వాహనాలలో 300 న్యూటన్ మీటర్లకు మించిన బలం కావాలి. ఆ తరువాత నట్టు కొద్దిగా తిరిగితే చాలు, ప్రీలోడ్ వేగంగా పెరుగుతుంది. కనుక ప్రతి కొద్దిపాటి తిప్పుకూ ఒకసారి కొలవాలి. పరిమితి దాటితే నట్టును వెనక్కు తిప్పి సరిపెట్టడం పెద్ద తప్పు. అప్పుడు స్లీవు వదులై, నట్టు బిగింపే పోతుంది. కొత్త స్లీవు వేసి మొదటి నుంచి ప్రారంభించడమే మార్గం. అందుకే పరీక్ష బిగింపులను పాత స్లీవుతో గాని స్లీవు లేకుండా గాని చేసి, కొత్తదానిని చివరికి దాచుకుంటారు.

మూడవ కొలత: పళ్ళ ఆట, పక్క బేరింగుల బిగువు

క్రౌన్ వీల్ కూర్చునే గూడు ముఖాన్ని శుభ్రంగా తుడిచి, బోల్టులను ఎదురెదురుగా, దశలవారీగా, మాన్యువల్ చెప్పిన టార్కుకు బిగించాలి. అడుగున చిన్న ఇసుక రేణువు ఉన్నా చక్రం వంకరగా తిరుగుతుంది. గూడును హౌసింగులో పెట్టాక క్రౌన్ వీల్ వెనుక ముఖం మీద డయల్ గేజి ఆనించి ఒక చుట్టు తిప్పాలి. ముల్లు ఊగిసలాట చాలా వాహనాలలో 0.05 నుంచి 0.10 మి.మీ. లోపు ఉండాలి.

తరువాత పళ్ళ ఆట, అనగా బ్యాక్‌లాష్. పినియన్ కదలకుండా పట్టి, డయల్ గేజి ముల్లును క్రౌన్ వీల్ పన్ను బయటి కొన వద్ద, పన్ను తిరిగే దిశలో ఆనించి, చక్రాన్ని ముందుకు వెనుకకు ఊపాలి. ముల్లు తిరిగినంత దూరమే ఆట. కార్లకు, జీపులకు ఇది సాధారణంగా 0.10 నుంచి 0.25 మి.మీ. మధ్య ఉంటుంది. చుట్టూ కనీసం నాలుగు చోట్ల కొలవాలి. చోటుకు, చోటుకు తేడా ఎక్కువగా ఉంటే సర్దుబాటుకు ముందు చక్రం వంకరను సరిచేయాలి. ఈ ఖాళీ వృథా కాదు. పళ్ళ నడుమ నూనె పొర నిలవడానికి, వేడికి లోహం వ్యాకోచించడానికి కావలసిన చోటు అది.

ఆట సర్దడానికి క్రౌన్ వీల్‌ను పక్కకు జరుపుతారు. ఆట ఎక్కువైతే పినియన్ వైపునకు, తక్కువైతే దూరంగా జరపాలి. నిష్పత్తి 4కు అటూ ఇటూగా ఉన్న గేర్లలో చక్రాన్ని 0.10 మి.మీ. జరిపితే ఆట దాదాపు 0.07 మి.మీ. మారుతుందన్నది పనికివచ్చే అంచనా. ఆట 0.30 మి.మీ. ఉండి 0.16 మి.మీ. కావాలంటే తగ్గవలసినది 0.14. దానిని 0.7తో భాగిస్తే 0.20 మి.మీ. వస్తుంది. అంటే క్రౌన్ వీల్ వీపు వైపు బేరింగు వద్ద 0.20 మి.మీ. షిమ్ము చేర్చి, ఎదుటి బేరింగు వద్ద అంతే మందం తీసివేయాలి. రెండు వైపుల షిమ్ముల మొత్తం మారకపోతే పక్క బేరింగుల ప్రీలోడ్ కూడా మారదు. ఒక వైపు చేర్చి రెండో వైపు తీయడం మరవడం ఇంటి పనిలో తరచు జరిగే పొరపాటు.

షిమ్ములకు బదులు రెండు పక్కలా మరల సర్దుబాటు నట్లు ఉన్న వాహనాలలో ఒకదానిని ఎన్ని గళ్ళు వదులు చేస్తే రెండోదానిని అన్ని గళ్ళు బిగించాలి. బేరింగుల ఖాళీ సున్నా అయ్యాక మాన్యువల్ చెప్పినంత అదనపు బిగువు ఇచ్చి, మూతలు పూర్తిగా బిగించి, ఆటను తిరిగి కొలవాలి. మూతలు వదులుగా ఉన్నప్పటి అంకె నమ్మదగినది కాదు.

నాలుగవ కొలత: పళ్ళ ముద్ర

మూడు కొలతలూ అంకెల ప్రకారం కుదిరినా పని ముగిసినట్లు కాదు. ఆట సరిగా ఉండి పినియన్ లోతు తప్పి ఉండవచ్చు. ఎందుకంటే పినియన్ ఎక్కడ ఉన్నా, క్రౌన్ వీల్‌ను తగినంత జరిపి కావలసిన ఆట తెప్పించవచ్చు. అంకె బాగుందని మూత వేసేస్తే ఊళ తప్పదు. గేర్లు నిజంగా ఎక్కడ కలుస్తున్నాయో చెప్పేది పళ్ళ ముద్ర ఒక్కటే. అందుకే దీనిని తుది తీర్పుగా పరిగణిస్తారు.

క్రౌన్ వీల్‌పై మూడు నాలుగు చోట్ల, మూడేసి పళ్ళకు రెండు వైపులా పల్చగా పేస్టు పూయాలి. ఒకరు క్రౌన్ వీల్‌ను చెక్క దిమ్మెతో కొద్దిగా అడ్డగిస్తుండగా మరొకరు పినియన్‌ను రెండు దిశలలోనూ తిప్పాలి. అడ్డగింపు లేకపోతే ముద్ర స్పష్టంగా పడదు. పేస్టు తొలగి లోహం మెరిసే చోటే కలయిక. క్రౌన్ వీల్ పన్నులో ఉబ్బెత్తు వైపు డ్రైవ్ వైపు, లోనికి వంగిన వైపు కోస్ట్ వైపు. పన్ను బయటి కొనను హీల్ అని, లోపలి కొనను టో అని అంటారు.

మంచి ముద్ర పన్ను ఎత్తులో నడుమగా ఉంటుంది. పొడవులో నడిమికి దగ్గరగా, ఏ అంచునూ తాకకుండా ఉంటుంది. తప్పు ముద్రలను ఇలా చదవాలి:

ముద్ర రెండు వైపులా పన్ను శిఖరం దగ్గర ఉంటే పినియన్ దూరంగా ఉంది. షిమ్ము మందం పెంచాలి.

ముద్ర రెండు వైపులా పన్ను మొదలు దగ్గర ఉంటే పినియన్ మరీ దగ్గరగా ఉంది. షిమ్ము మందం తగ్గించాలి.

ముద్ర రెండు వైపులా హీల్ వైపు జరిగితే ఆట ఎక్కువగా ఉంది. క్రౌన్ వీల్‌ను దగ్గరకు జరపాలి.

ముద్ర రెండు వైపులా టో వైపు జరిగితే ఆట తక్కువగా ఉంది. క్రౌన్ వీల్‌ను దూరం జరపాలి.

మొదట ఎత్తును సరిచేసి, తరువాత పొడవును చూడాలి. పినియన్ షిమ్ము మార్చిన ప్రతిసారీ ఆట మారుతుంది కాబట్టి మూడవ కొలతను తిరిగి చేయాలి. ముద్ర ఎటు కదులుతున్నదో తెలిసేలా ఆరంభంలో 0.10 మి.మీ. అడుగులతోను, దగ్గరపడ్డాక 0.05 మి.మీ. అడుగులతోను మార్చడం మంచిది. ప్రతి ముద్రకూ ఫోటో తీసి, ఆనాటి షిమ్ముల మందం, ఆట పక్కనే రాసుకుంటే గందరగోళం ఉండదు. నాలుగైదు సార్లు విప్పి బిగించడం నిపుణులకు కూడా మామూలే.

నూనె, తొలి ప్రయాణం

తుది బిగింపులో కొత్త ఆయిల్ సీలు, కొత్త పినియన్ నట్టు వేయాలి. నలిగే స్లీవు ఉన్నచోట దానిని కూడా కొత్తదే వేయాలి. హైపాయిడ్ గేర్లకు మాన్యువల్ చెప్పిన చిక్కదనం గల జీఎల్-5 తరగతి నూనె పోయాలి. అనేక వాహనాలకు అది 80డబ్ల్యూ-90. జారుతున్న పళ్ళ నడుమ తీవ్ర ఒత్తిడిని తట్టుకునే రసాయనాలు అందులో ఉంటాయి. గేరుబాక్సుకు జీఎల్-4 చెప్పిన వాహనాలలో ఈ రెండింటినీ తారుమారు చేయరాదు.

ఇరుసు మీది చిన్న గాలి రంధ్రాన్ని కూడా తప్పక శుభ్రపరచాలి. సీపత్ విద్యుత్కేంద్రం, కోర్బా బొగ్గు గనుల వైపు తిరిగే బండ్లకు బొగ్గు దుమ్ము, బూడిద పట్టడం సహజం. ఆ రంధ్రం మూసుకుపోతే వేడికి లోపలి గాలి ఒత్తిడి పెరిగి, సీళ్ళ నుంచి నూనె కారుతుంది. నూనె తగ్గిన సంగతి తెలియకుండానే కొత్త గేర్లు కాలిపోతాయి.

కొత్త గేర్లకు తొలి ప్రయాణం 20, 25 కిలోమీటర్లు, నెమ్మదిగా, బరువు లేకుండా సాగాలి. ఆపి, హౌసింగు పూర్తిగా చల్లారనిచ్చి, మరికొన్ని సార్లు ఇలాగే చేయాలి. చేయి ఆనించలేనంత వేడి పినియన్ బేరింగు దగ్గర మాత్రమే ఉంటే ప్రీలోడ్ ఎక్కువైందని అనుమానించి, బండిని మరి నడపకుండా విప్పి చూడాలి. తొలి 800 కిలోమీటర్ల వరకు అధిక బరువు, ట్రయిలరు లాగడం మానాలి. ఆ తరువాత నూనె మారిస్తే తొలి అరుగుదలలో వచ్చిన లోహపు పొడి బయటకు పోతుంది.

ఎక్కడ ఆగాలి

హౌసింగు పగిలినా, బేరింగు కూర్చునే గూళ్ళు అరిగి బేరింగు అందులో తిరుగుతున్నా, ఇరుసు గొట్టం వంగినా ఇంటి పని అక్కడితో ఆపి, యంత్రశాలకు తీసుకుపోవాలి. ఆ లోపాలను ఏ షిమ్మూ సరిచేయదు. ఎన్ని సర్దుబాట్లు చేసినా డ్రైవ్ వైపు, కోస్ట్ వైపు ముద్రలు రెండూ ఒకేసారి కుదరకపోతే జతలోనే లోపం ఉండవచ్చు. లేదా వేర్వేరు జతల గేర్లు కలిసి ఉండవచ్చు. అటువంటప్పుడు రాజీపడి మూత వేయడం కంటే జత సంఖ్యలను మరోసారి పోల్చిచూడడం మంచిది.

పినియన్ లోతు, పినియన్ ప్రీలోడ్, పళ్ళ ఆటతో పాటు పక్క బేరింగుల బిగువు, చివరగా పళ్ళ ముద్ర అన్నదే ఈ పనిలో మారని క్రమం. ఒకటి కుదరకుండా తరువాతి దానికి పోతే అంతవరకు చేసిన శ్రమ వృథా అవుతుంది. పని ముగిశాక షిమ్ముల మందాలు, ఆట, ప్రీలోడ్, వేసిన తేదీ, కిలోమీటర్ల అంకె రాసిన కాగితాన్ని బండి పత్రాలతో భద్రపరచాలి. మరికొన్నేళ్ళకు అదే ఇరుసును విప్పవలసి వచ్చినప్పుడు, విప్పేది మరొకరైనా సరే, పని ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.